తెరిచిపెట్టే తాళం

ఏప్రిల్ 9, బుధవారం

కిష్టయ్య జేబులోంచి కత్తి తీశాడు. బొటనవేలితో ఒక్క నెట్టు. టక్‌మంది. తెరుచుకుంది. తోటలో ఉన్న తొమ్మిది మందీ నన్ను వదిలేసి వాడి వైపు తిరిగారు.

ఆ తొమ్మిది మందిలో నా మనవరాలు స్రవంతి కూడా ఉంది. నాకు మండింది అక్కడే.

ఇరవై రెండేళ్లుగా ఈ చుట్టుపక్కల మామిడి తోటల్లో కాయ చూసేది నేను. మోకాళ్లు తాటిచెట్టు ఎక్కనివ్వనప్పుడు పట్టుకున్న పని. తోట నాలుగు మూలల నుంచి నాలుగు కాయలు తెంపాలి. టెంక దాకా కోయాలి. లోపలి రంగు చూడాలి. టెంక ఎంత గట్టిపడిందో కత్తి మొనతో గుచ్చి చూడాలి. చూసి, ఇవాళే తెంపండి అనో, నాలుగు రోజులు ఆగండి అనో చెప్పాలి. ముందు తెంపితే కాయ పండదు, ముడతలు పడి పుల్లగా చస్తుంది. ఆలస్యం చేస్తే లారీలోనే మెత్తబడుతుంది. నేను నోరు తెరిచాకే కాయ తెంపే చిక్కం కర్రలు లేచేవి.

స్రవంతి మా చిన్నోడి కూతురు. అగ్రికల్చర్ డిప్లొమా చదివింది. మూడేళ్లుగా కొడిమ్యాల వైపు తోటలు పట్టి, కాయల్ని బాక్సుల్లో సర్ది హైదరాబాద్ పంపుతోంది. ఇవాళ కిష్టయ్యను బండి మీద ఎక్కించుకుని తెచ్చింది. కిష్టయ్య తాత సూస్తడు, నువ్వు నీడకు కూసో తాతా, ఎండ గొడుతున్నది అంది.

కిష్టయ్యకు కొట్టదా ఎండ? ఇద్దరం ఒకే ఏడు పుట్టినవాళ్లం. కల్లు గీయడానికి కలిసి తాళ్లెక్కినవాళ్లం. తర్వాత వాడు షార్జా పోయి, ఇరవై ఎనిమిదేళ్లు ఉండి, పోయిన దసరాకు కోరుట్లలో దిగాడు. ఏం బావా, షార్జా ఇసుకల మామిడితోటలు గిట్ల పెట్టినవా అని అందరి ముందూ అడిగాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఆడి మార్కెట్ల ఇరవై ఎనిమిదేండ్లు పండ్లే దించిన బావా, దునియల ఉన్న మామిడంత గీ చేతులకెళ్లే పోయింది అన్నాడు.

అని, కాయ కోశాడు. వెన్న కోసినట్టు.

ఏప్రిల్ 10, గురువారం

బాక్సుల మీద అంటించే స్టిక్కర్లు వచ్చాయి. పోయినేడు వాటి మీద, కాయ చూసినవారు రాజం తాత అని నా పేరు ఉండేది. ఆ స్టిక్కర్ ఒకటి మా తలుపు మీద ఇప్పటికీ ఉంది. ఈ ఏడు, కాయ చూసినవారు కిష్టయ్య తాత.

నా భార్య మొగిలవ్వకు చదువు రాదు. ఏం రాసిండ్రు అని అడిగింది. మేడిన్ చైనా అని చెప్పాను.

ఏప్రిల్ 11, పొద్దున 6 గంటలు

కత్తి వల్లే. ఇంకేముంది వాడి దగ్గర.

ఏప్రిల్ 13, ఆదివారం

కల్లు కాంపౌండ్‌లో కిష్టయ్య పక్కనే కూర్చున్నాను. పని ఉండే కూర్చున్నాను. కత్తి తియ్యమంటే తీశాడు. నల్ల పిడి, అరచేతిలో దాక్కునేంత. తెరిచినప్పుడల్లా టక్. చేతికిమ్మంటే ఇవ్వలేదు. వద్దు బావా, తెల్వకుంట ఒత్తితే సెయ్యి తెగుతది, దీనికి లాక్ ఉన్నది అన్నాడు.

నాకెవరు లాక్ గురించి చెప్పేది. బీరువాకు లాక్ ఉంది, సైకిల్‌కు లాక్ ఉంది, సెల్‌ఫోన్‌కూ ఉంది. లాక్ అంటే మూసిపెట్టేది. జేబులో తెరుచుకుని తొడ కోయకుండా లోపల ఏదో కొక్కెం బ్లేడును పట్టుకుని ఉంటుంది. వాడు బొటనవేలితో నెట్టగానే ఆ కొక్కెం విడుస్తుంది. ఆ విడిచిన చప్పుడే టక్. ఇంతే కదా. దీనికి షార్జా పోవాలా?

నా కత్తి తీసి పక్కన పెట్టాను. కొమ్ము పిడి. పెళ్లికి ముందు వేములవాడ జాతరలో కొన్నది. బ్లేడు మీద గోరు గాడి ఉంటుంది, గోరు పెట్టి రెండు చేతులతో లాగాలి. చలికాలమైతే పళ్లతో కూడా లాగాను. టక్ లేదు, గిక్ లేదు. కిష్టయ్య దాన్ని తిప్పి తిప్పి చూసి, గిది ఇంక బతికే ఉన్నదా బావా అన్నాడు.

కాంపౌండ్ మొత్తం నవ్వింది. ఇంతవరకు అక్కడ అందరినీ నవ్వించింది నేను. నన్ను చూసి నవ్వడం ఇదే మొదలు.

ఏప్రిల్ 14, సోమవారం

కోరుట్ల బస్టాండ్ దగ్గర దుబాయ్ సామాన్లు అమ్మే షాపుకు పోయాను. అలాంటి కత్తే కావాలన్నాను, దానికంటే పెద్ద చప్పుడు చేసేది. షాపతను నన్ను కిందికీ మీదికీ చూసి, గవి ఇప్పుడు వస్తలేవు కాకా, సెంటు సూడుమని నా రెండు చేతుల మీదా కొట్టాడు.

ఇంటికి రాగానే మొగిలవ్వ ముక్కు ఎగరేసింది. యాడికి పోయినవ్, ఎవలికోసం గీ వాసన, గీ వయసుల నీకేం రోగం అని పొద్దుగూకే దాకా వదల్లేదు. కిష్టయ్య కోసం అని చెప్పాను. ఇంకా తిట్టింది.

ఏప్రిల్ 16, బుధవారం

చేశాను.

కిష్టయ్య అంగీ విప్పి కొమ్మకు వేసి, బోరు దగ్గర మొహం కడుక్కోవడానికి పోయాడు. కత్తి అంగీ జేబులో ఉంది. స్రవంతి కూలోళ్లతో అవతల గెట్టు మీద ఉంది. పచ్చికాయ ఒకటి పట్టుకుని ముచ్చిక విరిచాను. సొన చిమ్మింది. కత్తి బయటికి తీశాను, మూసే ఉంది. పిడి పక్కన, లోపల ఒక సన్నటి రేకు కనపడే సందు ఉంది. లాక్ అక్కడే ఉంటుందని లెక్క కట్టాను. ఆ సందులో మూడు బొట్లు వదిలాను.

మామిడి సొన సంగతి మాకు తెలిసినట్టు షార్జావాళ్లకు తెలుస్తుందా? పడ్డప్పుడు నీళ్లలా ఉంటుంది. ఒక పూట గడిస్తే నల్లగా బంక కడుతుంది. చెంచాను గోడకు అంటించవచ్చు. రేపు అందరి ముందూ వాడు బొటనవేలితో నెడతాడు. కత్తి తెరుచుకోదు. మళ్లీ నెడతాడు. తెరుచుకోదు. అప్పుడు నేను నా ముసలి కత్తి తీసి, పళ్లతో లాగి, గిది బతికే ఉన్నది బావా అంటాను. ఆ మాటను నాలుగుసార్లు అని చూసుకున్నాను. బాగుంది.

చూపుడువేలి మీద సొన పడి కాలింది. మొగిలవ్వ చూసి ఏందని అడిగింది. ఇస్త్రీ పెట్టె అన్నాను. నువ్వు జన్మల ఇస్త్రీ చేసినవా అంది. ఈ ఆడమనిషి పోలీసుల్లో ఉండాల్సింది.

ఏప్రిల్ 17, గురువారం

వాడు రాలేదు. జ్వరమేమో అని సంతోషపడ్డాను. జ్వరం కాదు, భార్యను తీసుకుని వేములవాడ పోయాడట. దర్శనం గంటలో అయిపోయిందట. వాడికి లైన్లు కూడా ఉండవు.

ఏప్రిల్ 19, శనివారం, మధ్యాహ్నం 3

జగిత్యాల ఆసుపత్రి బయట కూర్చుని ఈ పేజీ రాస్తున్నాను.

పొద్దున తోటలో వాడు కత్తి తీశాడు. నెట్టాడు. తెరుచుకుంది! ఎప్పటిలాగే తెరుచుకుంది. నా సొన దండగ అయ్యిందని నాకు ఏడుపొచ్చినంత పనయ్యింది. ఒక్కటే తేడా. టక్ అనలేదు. పది రోజులుగా ఆ చప్పుడు విని విని నాకు కడుపులో పుండు పడింది కాబట్టి, రాకపోతే నాకు తెలిసింది. కిష్టయ్యకు ఎడమచెవి సరిగా వినపడదు. వాడికి తెలియలేదు.

కాయను ఎడమచేతిలో పట్టుకున్నాడు. కత్తి మొనను టెంకలోకి గుచ్చి, గట్టిదనం చూడటానికి బలం పెట్టి తిప్పాడు. బ్లేడు వెనక్కి మడుచుకుంది. వాడి కుడి చూపుడువేలు మీదికి. కాయ మీద నెత్తురు, ఆకుల మీద నెత్తురు. వాడు అరవలేదు. అరె అన్నాడు, అంతే. స్రవంతి చున్నీ చింపి కట్టు కట్టి, బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చింది. నేను వేరే బండి మీద వచ్చాను.

ఏడు కుట్లు. నరానికి గీత పడ్డదట. నెల దాకా వేలు వంచొద్దన్నారు. వంగుతుందో లేదో తర్వాత చూస్తామన్నారు.

నేను అనుకున్నది ఇది కాదు. తెరుచుకోవద్దు అనుకున్నాను. తెరుచుకుంది. అంటే నా సొన ఏమీ చేయలేదనే కదా. మూసుకోవడం దాని సొంత బుద్ధి. ఇరవై ఎనిమిదేళ్ల కత్తి, ఎప్పుడో ఒకప్పుడు పోతుంది.

ఒకసారి కొట్టేసి, ఇదే మాట రెండోసారి రాస్తున్నాను.

ఏప్రిల్ 20, ఆదివారం

స్రవంతి వచ్చి, రేపు చిన్న తోటల కాయ సూడు తాతా అంది. మొహం వాడిపోయి ఉంది. కొత్త స్టిక్కర్లకు ఆర్డర్ పెట్టింది. రాజం తాత అనే.

అబద్ధం రాయను. నవ్వు ఆగలేదు. పెరట్లోకి పోయి నవ్వుకుని వచ్చాను. రాత్రి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

ఏప్రిల్ 21, సోమవారం

చిన్న తోట చూశాను. నా కత్తితోనే. ఇవాళే తెంపండి అన్నాను, తెంపారు. అందులో గొప్పేం లేదు. రెండు కాయలు అప్పటికే చెట్టు మీద పండి ఉన్నాయి, గుడ్డివాడు కూడా చెప్తాడు.

కల్లు కాంపౌండ్‌లో మాట మారింది. లాక్ లేని రాజన్న కత్తి యాభై ఏండ్ల సంది ఎవ్వల వేలు తెంపలే, గా షార్జా కత్తి సూడుండ్రి ఏం జేసిందో అంటున్నారు. ముంత ఒకటి నా ముందుకు జరిపారు. తాగాను.

వచ్చే దారిలో కిష్టయ్య ఇల్లు. పిలిచాడు. పోకుండా ఎలా? చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. కత్తిని గుడ్డలో చుట్టి నాకిచ్చాడు. ఎన్నడు మోసం జెయ్యలే బావా గిది, లాక్ ఎందుకు పడలేదో నాకు సమజైతలేదు, సిరిసిల్లకు పోయి దేవదాస్‌కు సూపియ్యి, నీకంటె నాకు ఎవలున్నరు అన్నాడు.

నీకంటే ఎవరున్నారట. బావా బావా అని పిలుస్తూనే చంపుతాడు వీడు.

ఏప్రిల్ 22, మంగళవారం, సాయంత్రం 5, బస్సులో

అక్షరాలు బస్సు వల్ల వంకరపోతున్నాయి. బస్సు వల్లే.

దేవదాస్ సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మెకానిక్. నలభై సాంచాలు ఒకేసారి నడిచే షెడ్డు పక్కన అతని గది. మనిషి అరిస్తే తప్ప వినపడదు. ఇనుము అనేది ఏదైనా సరే విప్పకుండా ఉండలేడు. ఒకప్పుడు మా గీత కత్తులు కూడా బాగుచేసిచ్చాడు.

కిష్టయ్య కత్తికి ఉన్న చిన్న చిన్న స్క్రూలు విప్పి, తెల్ల గుడ్డ మీద ముక్కలన్నీ వరసగా పెట్టాడు. మొదట నా ముసలి కత్తి అడిగాడు. తెరిచి చూపించాడు. నీదాంట్ల లాకే లేదు కాకా, వీపుల ఒక స్ప్రింగ్ పట్టి ఉన్నది, గది బ్లేడు మడిమె మీద ఒత్తి పట్టుకుంటది, గంతే, జోరుగ ఒత్తితే మూస్కుంటది అని అరిచాడు. అది నాకు తెలుసు. తెలుసు కాబట్టే యాభై ఏళ్లుగా ఆ వైపు వేలు పెట్టలేదు.

తర్వాత సొరుగులోంచి ఇంకో రెండు తీశాడు. ఒకదానికి వీపు మీద పొడుగు కడ్డీ. బ్లేడు పూర్తిగా తెరిస్తే ఆ కడ్డీ కొనకున్న కొక్కెం బ్లేడు గాడిలో పడుతుంది. పడ్డాక ఇద్దరు మనుషులు ఒత్తినా మూసుకోదు. కడ్డీ వెనక కొన నొక్కితేనే కొక్కెం లేస్తుంది. ఇంకోదానికి మెడ దగ్గర ఇత్తడి రింగు. తెరిచి రింగు తిప్పితే, బ్లేడు తిరిగి వచ్చే దారికి అది అడ్డం పడుతుంది.

నాలుగోది కిష్టయ్యది. పిడి లోపల ఒక పక్క సన్నటి ఉక్కు రేకు. ఆ రేకును పొడుగ్గా చీల్చి, లోపలికి కొంచెం వంచి ఉంచారు. కత్తి మూసి ఉన్నప్పుడు బ్లేడు ఆ రేకును పక్కకు, పిడికి ఆనించి నొక్కి పెడుతుంది. బ్లేడు తెరుచుకుపోగానే రేకు తన బలంతో లోపలికి దుంకి, బ్లేడు మడిమె వెనక అడ్డం నిలబడుతుంది. ఆ దుంకిన చప్పుడే టక్. మూయాలంటే బొటనవేలితో రేకును మళ్లీ పక్కకు నెట్టాలి.

నేను అరిచి అడిగాను, లాక్ అంటే మూసిపెట్టేది కదా అని. దేవదాస్ నవ్వాడు. మూసిపెట్టేటందుకు లాకెందుకు కాకా, మూసి ఉన్న కత్తి ఎవలిని కోస్తది? గీ లాక్ తెరిచిపెట్టేటందుకు అన్నాడు.

నేను వెంటనే కూర్చున్నాను. కూర్చోవడానికి అక్కడ ఏమీ లేదు, దారం డబ్బా మీద కూర్చున్నాను.

అతను రేకును గోరుతో లేపబోయాడు. లేవలేదు. పిడికి అంటుకుపోయి ఉంది. చాకుతో గీరితే నల్లటి బంక వచ్చింది. వాసన చూశాడు. మామిడి సొన అన్నాడు. కాయ కోస్తే సొన బ్లేడుకంటుతది గని రేకు ఎనుకకు పోదు కాకా, గిది ఎవలో కావాలని పోసిండ్రు, కత్తి మూసి ఉన్నప్పుడు పోసిండ్రు, రేకు పక్కకు ఒత్తి ఉన్నకాడనే అతుక్కపోయింది, తెరిచినంక అడ్డం రాలే అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. లాక్ లేని కత్తైతే మనిషి సోయితోని పట్టుకుంటడు, లాక్ ఉన్నదంటె దాన్ని నమ్మి వేలు పెడుతడు గదా.

అప్పుడు నా చూపుడువేలి మీద నల్లగా కాలిన మచ్చ చూశాడు. చాలాసేపు చూశాడు. కిరోసిన్‌తో రేకు కడిగి, నూనె చుక్క వేసి, స్క్రూలు బిగించాడు. టక్. టక్. టక్. మూడుసార్లు తెరిచి చూపించాడు. చాయ్ తెప్పించాడు. వేలి గురించి అడగలేదు.

అడిగితే బాగుండేది. అడిగితే ఇస్త్రీ పెట్టె అని చెప్పేవాణ్ణి.

ఏప్రిల్ 23, బుధవారం

కిష్టయ్యకు కత్తి ఇచ్చి, స్ప్రింగ్ అలిసిపోయిందట బావా, సరిచేసిండు అని చెప్పాను.

వాడు తల ఊపాడు. గట్లనా, నాదే తప్పు మరి, నూనె పెట్టక ఆర్నెల్లాయె అన్నాడు. వాడి భార్య చాయ్ ఇచ్చింది. కుట్ల నొప్పికి వాడికి నిద్ర పట్టడం లేదంది. నేను సూడక జేసిన దానికి కత్తిని ఏమంటం అని వాడు భార్యను ఊరుకోబెట్టాడు.

వీడు ఇంత మంచిగా ఉంటే నేనెక్కడికి పోవాలి? తాళ్లెక్కే రోజుల్లో కూడా ఇంతే. వాడి చెట్టు నా చెట్టు కంటే ఎక్కువ కల్లు పారేది. ఎక్కువైంది నా కుండలో వంచి పోయేవాడు. అదొక్కటి నేను వాడికి ఎప్పుడూ మాఫీ చేయలేదు.

ఏప్రిల్ 24, గురువారం

ఇది రాయాలని లేదు. రాస్తున్నాను.

కొడిమ్యాల పెద్ద తోట. నూట అరవై చెట్లు. ఈ సీజన్ అంతా స్రవంతికి దీని మీదే ఉంది. పెళ్లిళ్లకని ముందే మాట ఇచ్చిన బాక్సులు దీంట్లోంచే పోవాలి. నాలుగు మూలలూ తిరిగాను. కాయలు కోశాను. అందరూ నా చుట్టూ ఉన్నారు గాని సగం మంది ఫోన్లు చూస్తున్నారు. రంగు చూశాను, టెంక గుచ్చాను. మూడు రోజులు అన్నాను. గొంతు పెద్దగా చేసే అన్నాను.

స్రవంతి సరే తాతా అని పుస్తకంలో రాసింది. తర్వాత కోసిన కాయ ఒకటి తీసుకుని చెట్టు అవతలికి పోయింది. నేను ఉచ్చకు పోయినట్టు వెనక నుంచి పోయాను.

ఫోన్లో కిష్టయ్య మొహం. పక్కన కట్టు కట్టిన వేలు. స్రవంతి కాయను ఫోన్‌కు దగ్గరగా పట్టి తిప్పి తిప్పి చూపిస్తోంది. టెంక దగ్గరికి తే బిడ్డా, ఎలుగుకు పట్టు అంటున్నాడు. చూసి, అయిదు రోజులు అన్నాడు. ఇది పుస్తకం తీసి మూడు కొట్టేసి అయిదు రాసింది.

నాకు ఒళ్లు తెలియలేదు. వాని చేతిల ఇప్పుడు కత్తి కూడ లేదు గదనే అని అరిచాను.

స్రవంతి ఉలిక్కిపడింది. కత్తికి ఏం సంబంధం తాతా అంది.

గా కత్తిని సూశే గదా నన్ను పక్కకు పెట్టినవ్, గా టక్కు టక్కు ఇని అందరు వాని ఎంట పడ్డరు, గందుకే సొన పోసిన అన్నాను. అన్నాక గాని ఏమన్నానో వినపడలేదు. ఫోన్ ఇంకా కట్ చేయలేదేమో అని దాని చేతి వైపు చూశాను. కట్ చేసి ఉంది. కూలోళ్లు మాత్రం అందరూ విన్నారు.

అది ఏడవలేదు, తిట్టలేదు. చెట్టుకు ఆనుకుని నిలబడి మెల్లగా చెప్పింది. నీ కత్తి గురించి ఎవలన్న ఒక్క మాట అడిగిండ్రా తాతా? పోయినేడు మల్యాల తోటల నువ్వు కాయ కొయ్యనే కొయ్యలే. రైతుతోని నగుకుంట, సూడనక్కర లేదు నా ముక్కే చెప్తదని తెంపుమన్నవ్. అరవై బాక్సులు పండలే. అందరికి మల్ల పంపిన. నీకు అసలు ముచ్చట చెప్పలే. నువ్వు బాధపడతవని ఎండలకు ఖరాబైనయని చెప్పిన.

అరవై బాక్సులు. నేను ఎండలకు చెడిపోయాయనుకున్నాను. కాదు. అనుకోవాలనుకున్నాను.

కిష్టయ్య తాతకు నువ్వే చెప్పు, నేను చెప్ప అంది. నన్ను బండి ఎక్కించుకోకుండా వెళ్లింది. షేర్ ఆటోలో వచ్చాను.

ఏప్రిల్ 25, శుక్రవారం

చెప్పాను.

కిష్టయ్య వింటూ కిందికి చూస్తున్నాడు. ఎన్ని బొట్లు అని అడిగాడు. మూడు అన్నాను. సిరిసిల్లల దేవదాస్ చెప్పిండా అన్నాడు. అవునన్నాను. మరి మొన్న నాకు స్ప్రింగ్ అన్నవ్ అన్నాడు.

సొన పోసినందుకు కాదు బావా, నేను నూనె పెట్టలేదని నన్ను నేనే తిట్టుకుంటుంటే నువ్వు చాయ్ తాగుకుంట కూసున్నవ్ అన్నాడు. పో అన్నాడు. నా వేలు వంగెదాక రాకు. వంగకపోతె అసలే రాకు.

వచ్చేశాను. మొగిలవ్వకు మొత్తం తెలిసిపోయింది. అన్నం పెట్టింది. ఒక్క మాట అనలేదు. సెంటు వాసనకే పొద్దుగూకే దాకా తిట్టిన మనిషి.

ఏప్రిల్ 26, శనివారం

స్రవంతి పొద్దున్నే వచ్చి బండి ఎక్కమంది. ఇంకో తోట చూడాలట. అక్కడ కిష్టయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వాడికి చూపు ఉంది, చెయ్యి లేదు. నాకు చెయ్యి ఉంది. కొయ్యుడు నువ్వు, చెప్పుడు కిష్టయ్య తాత, నడుమ నీ ముచ్చట్లు బంద్ అంది స్రవంతి. కిష్టయ్య కత్తే నా చేతిలో పెట్టింది.

బొటనవేలితో నెట్టాను. టక్. నా చేతిలో మొదటిసారి.

కిష్టయ్య నాతో మాట్లాడడు. ఇంకింత లోతు కొయ్యుమను బిడ్డా అని స్రవంతికి చెప్తాడు. నేను అక్కడే ఉంటాను. నా కాళ్లు వాడి కాళ్లకు జానెడు దూరం. మొన తిప్పొద్దను, నిలువుగ పెట్టుమను. స్రవంతి నాకు చెప్తుంది. నేను నిలువుగా పెడతాను. కాయ రెండు చెక్కలు వాడి ముందు పట్టుకుని నిలబడతాను. వాడు చూస్తాడు. అందరూ వాడిని చూస్తారు. కాయ పట్టుకున్నవాణ్ణి ఎవరూ చూడరు.

ఇరవై ఆరు కాయలు కోశాను. ఒక కాయ దగ్గర వాడు రెండు రోజులు అంటాడని నేను ముందే అనుకున్నాను. రెండు రోజులే అన్నాడు. ఇంకో కాయ దగ్గర నేను నాలుగు అనుకున్నాను. వాడు వారం అన్నాడు. నాకు మంట ఏమీ తగ్గలేదు. తగ్గిందని రాస్తే అది అబద్ధం.

మూసేటప్పుడు రేకును పక్కకు నెట్టడం వెంటనే రాలేదు. వాడు నా బొటనవేలు వైపే చూస్తున్నాడు. వేలు దారిలోంచి తీసెయ్యుమను బిడ్డా, తెగుతది అన్నాడు.

ఏప్రిల్ 27, ఆదివారం, పొద్దున 8:10

ఇవాళ మూడో రోజు. మొదటి బస్సుకు ఒక్కణ్ణే కొడిమ్యాల పెద్ద తోటకు పోయాను. నా కత్తితో ఒక కాయ కోశాను. టెంక పక్కన ఇంకా తెలుపే. మొన మెత్తగా దిగింది. ఎవరూ చూడకూడదని తొక్కతో సహా తిన్నాను. పళ్లు పులిసిపోయాయి. టెంక జేబులో వేసుకున్నాను.

గెట్టు మీద కూర్చుని కిష్టయ్యకు ఫోన్ చేశాను. ఎత్తాడు. మూడు కాదు బావా, నువ్వన్న అయిదే అన్నాను.

వాడు ఫోన్ పెట్టెయ్యలేదు.